సొట్టపడ్డ క్రోమ్ రిమ్ము: అంబాసిడర్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు

బండి అంబాసిడర్ మార్క్ 3. టైరు 5.90–15, లోపల ట్యూబు. కంపెనీ నుంచి ఈ రిమ్ములు పెయింటుతోనే వచ్చేవి. ఇప్పుడున్న క్రోమ్ పాత యజమాని వేయించింది. ఎడమ ముందు చక్రం డివైడర్ అంచుకి కొట్టుకుంది. బయటి అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయి, పక్కకి విచ్చుకుంది. 50 దాటితే స్టీరింగ్ చేతిలో వణుకుతోంది. ఇప్పటికే రెండుసార్లు బాలెన్సింగ్ చేశారు, తగ్గలేదు. తగ్గదు కూడా. సీసం ముక్కలు బరువు తేడాని సరిచేస్తాయి, గుండ్రం తప్పిన చక్రాన్ని గుండ్రం చేయలేవు.

ముందు హబ్‌ని (చక్రాన్ని బిగించే ఇరుసు కొసని) చూశాం. చక్రం విప్పి బేరింగు లూజు సరిచూసి, హబ్ ముఖానికి డయల్ గేజ్ (సన్న తేడాలని ముల్లుతో చూపే కొలత సాధనం) పెట్టి తిప్పితే 0.04 మి.మీ. వచ్చింది. అక్కడ తప్పు లేదు. హబ్ మీద తుప్పు పొర ఉన్నా, పాత పెయింటు పెళ్ల ఉన్నా ఈ అంకె పెరుగుతుంది, నింద రిమ్ము మీద పడుతుంది. ఇసుక రేణువంత మలినం హబ్ దగ్గర ఉంటే, రిమ్ము అంచు దగ్గరికి వచ్చేసరికి దాని ప్రభావం రెట్టింపు కంటే ఎక్కువే కనిపిస్తుంది.

టైరు విప్పేశాక ఒట్టి రిమ్ముని అదే హబ్‌కి ఐదు నట్లతోనూ బిగించాం. రెండు నట్లతో సరిపెడితే రిమ్ము వాలుతుంది, కొలత పనికిరాదు. వాల్వ్ కంతని 1 అనుకుని చుట్టూ 16 గుర్తులు పెట్టాం. గేజ్ మొన పెట్టాల్సింది బయటి పెదవి మీద కాదు, టైరు బీడ్ (టైరు లోపలి గట్టి అంచు) కూర్చునే మెట్టు మీద. పెదవి మీద గీతలు, చిన్న గంట్లు ఉంటాయి, వాటి అంకెలు నమ్మలేం. రిమ్ము పట్టీ రెండు కొసలూ అతికిన వెల్డు దగ్గర చిన్న గడ్డ ఉంటుంది. దాన్ని వదిలేసి చదవాలి.

రీడింగులు: 6, 7, 8 గుర్తుల మధ్య పల్లం. 7 దగ్గర ఎత్తు తేడా (గుండ్రం నుంచి లోపలికో బయటికో తప్పిన దూరం) మైనస్ 3.1 మి.మీ., అక్కడే పక్క ఊపు (తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగే దూరం) 4.2. మిగతా చుట్టంతా 0.5 లోపే. రిమ్ముని రెండు స్టడ్లు (నట్లు ఎక్కే మర కడ్డీలు) జరిపి మళ్లీ బిగించి కొలిచాం. పల్లం రిమ్ముతోపాటే జరిగింది. హబ్ నిర్దోషి అని ఇంకోసారి తేలింది. స్టీల్ రిమ్ముకి సాధారణంగా 1 నుంచి 1.2 మి.మీ. వరకు ఒప్పుకుంటారు. కాబట్టి ఇది బాగుచేయాల్సిందే. డిస్కు (హబ్‌కి బిగించే మధ్య పళ్లెం) వంగలేదు, నట్టు కంతలు కోలగా సాగలేదు, కనుక బాగుచేయదగిందే. ఈ రెండింటిలో ఏది తప్పినా రిమ్ము పాత ఇనుముకే. ఒకే చోట ఇదివరకే ఒకసారి సరిచేసిన ఆనవాలున్నా అంతే.

2వ రోజు

అందరూ అడిగే ప్రశ్న: క్రోమ్ ఉండగానే సొట్ట తీయకూడదా? చెక్క అడ్డం పెట్టి మెల్లగా కొడితే పోదా? సొట్ట పోతుంది. కానీ పైనున్న క్రోమ్ పొర మైక్రానులో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సగం కూడా ఉండదు, గాజులా పెళుసు. కింద నికెల్ 20–30 మైక్రాన్లు ఉంటుంది. ఇనుము వంగి మళ్లీ తిరిగినప్పుడు ఈ పొరలు దాంతో సాగలేక వెంట్రుకవాసి పగుళ్లిస్తాయి. ఆ రోజు కంటికేమీ తెలియదు. మా విశాఖ లాసన్స్ బే దగ్గర సముద్రపు గాలిలో ఒక్క వానాకాలం నిలిపితే ఆ పగుళ్లలోంచే గోధుమరంగు చారలు దిగుతాయి. తర్వాత పొర ఊడుతుంది, ఆ పెళ్ల అంచు బ్లేడులా కోస్తుంది. ఇక వేడి పెడితే క్రోమ్ పసుపు, నీలం తిరుగుతుంది, అది పాలిష్‌కి లొంగదు. అందుకని వరుస ఇది: పొరలన్నీ తీసేయడం, పగుళ్లు వెతకడం, సొట్ట తీయడం, నునుపు చేయడం, ఆఖర్న ప్లేటింగ్.

పొరలు తీయడం ఇంటి పెరట్లో చేసే పని కాదు. క్రోమ్‌ని పలచని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ తినేస్తుంది. బుడగలు ఆగి, కింద కొంచెం పసుపు ఛాయతో నికెల్ బయటపడితే క్రోమ్ పోయినట్టు. కాస్టిక్ సోడాలో కరెంటు తిరగేసి తీసే పద్ధతీ ఉంది. అందులో వచ్చేది ఆరు వేలెన్సీ క్రోమియం, క్యాన్సర్ కారకం. ఆ నీళ్లు డ్రెయినేజీలోకి పోకూడదు. నికెల్ తీయడానికి గాఢమైన సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో కరెంటు పెడతారు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, మురుగుశుద్ధి ఉన్న ప్లేటింగ్ షాపుకే ఇది ఇవ్వాలి. గ్రైండరుతో పొడిగా గీకి క్రోమ్ తీయడం అన్నింటికంటే చెడ్డ దారి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఇనుమూ అరుగుతుంది.

5వ రోజు

రిమ్ము బూడిదరంగులో తిరిగొచ్చింది. నికెల్ పూర్తిగా పోయిందో లేదో చూడ్డానికి మైలుతుత్తం చాలు. నీళ్లలో కలిపి అక్కడక్కడ చుక్క వేస్తే, ఒట్టి ఇనుము మీద క్షణంలో ఎర్రటి రాగి పూత వస్తుంది. నికెల్ మిగిలిన చోట రాదు. మధ్య గాడి పక్కన రెండుచోట్ల ఎర్రబడలేదు. మళ్లీ పంపించాం. ఇది చూడకుండా పాత నికెల్ మీదే కొత్త రాగి ఎక్కిస్తే, ఆ అతుకు నెలల్లో బుడగలెత్తుతుంది.

పాత పొర పోగానే తుప్పు గుంటలు బయటపడ్డాయి. బయటి అంచు మీద గుండుసూది తలంత గుంటలు పాతిక దాకా. లోతు 0.2 నుంచి 0.3 మి.మీ. పాత పొర కప్పి ఉన్నన్నాళ్లు ఇవేవీ కనబడలేదు. అలాగని వీటిని పూడ్చకుండా కొత్త క్రోమ్ వేస్తే దాగవు. క్రోమ్ అద్దం లాంటిది, కింద ఉన్నదాన్నే పెద్దది చేసి చూపిస్తుంది.

పగుళ్ల పరీక్షకి రంగు స్ప్రే సెట్టు వాడాం. శుభ్రం చేసి, ఆరనిచ్చి, ఎర్రది కొట్టి 15 నిమిషాలు ఉంచాలి. తర్వాత గుడ్డకి క్లీనర్ పట్టించి తుడవాలి. క్లీనర్‌ని నేరుగా రిమ్ము మీద కొడితే పగుల్లోని రంగు కూడా కడుక్కుపోతుంది, పగులు లేనట్టే కనబడుతుంది. అప్పుడు తెల్ల డెవలపర్ (పగుల్లోని ఎర్రరంగుని పైకి పీల్చే పొడి) పలచగా కొట్టి 10 నిమిషాలు చూడాలి. చూడాల్సిన చోట్లు మూడు: నట్టు కంతల చుట్టూ, డిస్కులోని గాలి కంతల మూలలు, డిస్కు రిమ్ముకి అతికిన చోటు. గాలి కంత మూల దగ్గర 6 మి.మీ. ఎర్ర గీత ఒకటి తేలింది. 240 ఎమెరీతో నాలుగు గీతలు గీసి పరీక్ష మళ్లీ చేస్తే మాయమైంది, అది పైపై గీతే. ఎమెరీకి పోకపోయి ఉంటే పని అక్కడితో ఆపేసేవాళ్లం. చక్రం మీద పగులుకి వెల్డింగ్ వేసి నడపమని మేం ఎవరికీ చెప్పం.

6వ రోజు

సొట్ట తీయడం. గ్యారేజీల్లో మామూలుగా చేసేది: రిమ్ము వ్యాసానికి అడ్డంగా బాటిల్ జాకీ పెట్టి తోయడం. సొట్ట వైపు ఎంత బలం పడుతుందో ఎదురు వైపూ అంతే పడుతుంది. ఇక్కడ పల్లం పోయేలోపు అక్కడ రిమ్ము కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అందుకని బలాన్ని మధ్యకి మళ్లించేలా చిన్న ఫిక్చర్ చేయించాం. గాజువాక ఆటోనగర్‌లో లేత్ ఉన్న ఏ షాపులో అయినా ఒక పూటలో అయిపోయే పని. 12 మి.మీ. మైల్డ్ స్టీల్ ప్లేటుకి రిమ్ము స్టడ్ల వరుసకి సరిపోయే ఐదు కంతలు, మధ్యలో 60 మి.మీ. చదరపు కడ్డీ ముక్క వెల్డింగ్. దానికీ రిమ్ము అంచుకీ మధ్య ఎం24 బోల్టు, నట్టు, రిమ్ము వంపుకి చెక్కిన తుమ్మ మొద్దు.

ఎం24 మర ఒక చుట్టు తిరిగితే 3 మి.మీ. జరుగుతుంది. నట్టుకి ఆరు ముఖాలు, ఒక ముఖం తిప్పితే అర మిల్లీమీటరు. పాన చేతిలో ఉంటే ఎంత తోశామో లెక్క తెలుస్తూనే ఉంటుంది. జాకీతో ఈ లెక్క ఉండదు, ఒక పంపుకి ఎంత పోతుందో చేతికి అందదు.

సొట్టని అది పడిన క్రమానికి తిరగేసి తీయాలి. దెబ్బకి ముందు మధ్య వంగింది, ఆఖర్న అంచులు. అందుకని 6, 8 గుర్తుల దగ్గర మొదలుపెట్టి మధ్యకి రావాలి. నేరుగా 7 మీద తోస్తే రెండు పక్కలా రెండు గూనులు మిగులుతాయి, తర్వాత వాటిని దించడం మరింత కష్టం.

6, 8 రెండు దఫాల్లో దారికొచ్చాయి. 7 సులువుగా లొంగలేదు. సున్నా దాకా తోసి వదిలితే వెనక్కి తగ్గి మైనస్ 2.2 దగ్గర ఆగింది. ప్లస్ 1.5 దాకా తోసి వదిలితే మైనస్ 1.0. ప్లస్ 2.4 దాకా తోస్తే మైనస్ 0.3. అక్కడ ఆపాం. సున్నా కోసం ఇంకా తోస్తే ఇనుము అలసిపోతుంది. ప్రతిసారీ బలం వదిలాకే గేజ్ చదవాలి. బలం ఉండగా వచ్చే అంకె మోసం. ప్రతి దఫాలోనూ ఎదురు గుర్తు 15 కూడా చూశాం. మొదట్లో ఉన్న 0.4 అలాగే ఉంది.

అంతా చల్లగానే చేశాం. టార్చి పెడితే త్వరగా వంగుతుంది నిజమే. కానీ డిస్కు అతుకు దగ్గరికి వేడి పోతే అక్కడ గట్టిదనం ఎంత తగ్గిందో తెలుసుకునే దారి లేదు.

7వ రోజు

పల్లం తీరగానే పక్క ఊపు 4.2 నుంచి దానంతటదే 2.0 కి వచ్చింది. రెండూ ఒకే దెబ్బకి పుట్టినవే కదా. మిగిలింది సుత్తి పని: లోపలివైపు బరువైన డాలీ (దెబ్బకి ఆనుగా పట్టే ఇనుప దిమ్మ) ఆనించి, బయట తుమ్మ మొద్దు మీద కిలో సుత్తితో. ఒక్కో చోట మూడు దెబ్బలు, ఆ తర్వాత గేజ్. ఇలా గంటన్నర. ఆఖరి అంకెలు: పక్క ఊపు 0.7, ఎత్తు తేడా 0.6.

బిగుతు పాన (అదే, స్క్రూ రెంచి) దవడలో పెదవి పట్టి వంచే అలవాటు చాలామందికి ఉంది. అది ఒక అంగుళం మేర మాత్రమే వంచుతుంది, దాని రెండు పక్కలా మడత పడుతుంది. పెయింటు రిమ్మైతే పుట్టీ కింద పోతుంది, క్రోమ్ వేస్తే అలలు అలలుగా కనిపిస్తుంది.

9వ రోజు నుంచి 12 దాకా

నునుపు. ఎమెరీ 80 లోతు గీతల దగ్గర మాత్రమే, తర్వాత 120, 180, 240, 320, 400. ఒక్కో నంబరు గీతలు ముందు నంబరుకి అడ్డంగా పడేలా గీస్తే, పాత గీత పోయిందో లేదో వెంటనే కనిపిస్తుంది. ఆ తర్వాత బఫింగ్ వీలు, కాంపౌండు. బీడ్ మెట్టు, నట్టు సీట్లు (నట్టు కొస ఆనే వాలు అంచులు), హబ్‌కి ఆనే ముఖం, ఈ మూడింటి జోలికి ఎమెరీ పోకూడదు.

గుంటలకి కారు బాడీ పుట్టీ పనికిరాదు. అందులోంచి కరెంటు పోదు, కనుక ప్లేటింగ్ పట్టదు. ఎమెరీతో గుంట అడుగు దాకా అరగదీస్తే అంచు మందం తగ్గుతుంది. సరైన దారి రాగి. మందంగా ఎక్కించి, పైన అరగదీసి, మళ్లీ ఎక్కించడం. గుంట నిండేదాకా ఎన్నిసార్లయితే అన్నిసార్లు.

13వ రోజు

ప్లేటింగ్ షాపుకి చీటీ రాసి ఇచ్చాం. నోటిమాటగా "మంచి క్రోమ్ వేయండి" అంటే ఏ మందం వస్తుందో అది షాపువాళ్ల దయ. చీటీలో:

మొదట సయనైడ్ రాగి పలచగా (ఇనుముని నేరుగా ఆసిడ్ రాగి తొట్టెలో ముంచితే కరెంటు లేకుండానే రాగి వదులుగా పేరుకుని తర్వాత ఊడిపోతుంది), ఆపైన ఆసిడ్ రాగి రెండు దఫాలు, మధ్యలో బఫింగ్. తర్వాత సెమీబ్రైట్ నికెల్, దాని మీద బ్రైట్ నికెల్, ఆఖర్న క్రోమ్. ఎదురుగా కనిపించే భాగాల్లో నికెల్ రెండూ కలిపి 30 మైక్రాన్లు. నట్టు సీట్లు, హబ్ ముఖం లక్కతో మూసేయాలి.

రెండు రకాల నికెల్ ఎందుకంటే, బ్రైట్ నికెల్‌లో గంధకం ఉంటుంది, సెమీబ్రైట్‌లో ఉండదు. క్రోమ్‌లోని సన్న కంతలోంచి ఉప్పునీరు దిగితే పై పొర ముందు తినుకుపోతుంది. తుప్పు నేరుగా ఇనుముదాకా దిగకుండా పక్కకి పాకుతుంది. సముద్రం ఒడ్డున ఉండే బండికి ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. క్రోమ్ మందం పెంచమని అడగడం వృథా, తుప్పుని ఆపేది నికెలే.

17వ రోజు

మందం సరిచూడటం. పెయింటు మందం కొలిచే అయస్కాంతపు గేజ్ ఇక్కడ తప్పు చెబుతుంది, నికెల్‌కీ అయస్కాంత గుణం ఉంది మరి. మేం వాడింది తూకం. ఒక గ్రాము తేడా చూపే పది కిలోల వంటింటి తూకం చాలు. ఈ రిమ్ము ఉపరితలం లోపలా బయటా కలిపి సుమారు 5,500 చ.సెం.మీ. నికెల్ సాంద్రత 8.9. అంటే సగటున ఒక్కో మైక్రానుకి దాదాపు 5 గ్రాములు. రాగి బఫింగ్ అయ్యాక ఒకసారి, నికెల్ అయ్యాక కడిగి ఆరబెట్టి ఇంకోసారి తూచమన్నాం. తేడా 98 గ్రాములు, సగటు 20 మైక్రాన్లు. యానోడుకి (తొట్టెలో వేలాడే నికెల్ ముక్కకి) ఎదురుగా ఉండే ముఖం మీద సగటు కంటే మందం, లోపలి గాడిలో పలచన. సగటు పదో పన్నెండో వచ్చి ఉంటే వెనక్కి పంపేవాళ్లం.

క్రోమ్ లోతైన చోట్లకి చేరదు. తొట్టె గుణమే అంత. టైరు కింద దాగే గాడిలో సగం చోట నికెల్ మాత్రమే ఉంది. దానికి ప్రైమర్, మీద వెండిరంగు పెయింటు వేస్తే సరి.

18వ రోజు, చేదు రోజు

రిమ్ము చేతికొచ్చింది. అంచు మీద ట్యూబ్‌లైటు వాలుగా పెట్టి చూస్తే గీత విరగలేదు. 7వ గుర్తు ఎక్కడో కనిపెట్టలేం. కానీ రెండు తప్పులు దొరికాయి.

ఒకటి, నట్టు సీట్లకి పూసిన లక్క వేడి క్షారపు తొట్టెలో ఊడిపోయింది, ఐదు సీట్లలో మూడింటి మీద మెరుపు ఉంది. చూడ్డానికి బాగుంటుంది, ప్రమాదం కూడా అక్కడే. నట్టు బిగిస్తే ఆ మెత్తటి పొర నలిగి ఊడుతుంది, బిగువు పోతుంది, నడుస్తూ నట్టు వదులవుతుంది. పాత నట్టు కోనుకే (వాలుగా ఉండే కొసకే) ఎమెరీ అంటించి, సీటులో చేత్తో తిప్పి ఒట్టి ఇనుము దాకా తెచ్చాం. డ్రిల్లు మెషీను వాడలేదు, కోను వంకర పోతుంది.

రెండోది మర్నాటికి బయటపడింది. డిస్కు, రిమ్ము కలిసే సందులోంచి గోధుమ, ఆకుపచ్చ కలిసిన చారిక కారింది. అది తుప్పు కాదు, ఆ సందులో ఇరుక్కున్న తొట్టె ద్రావణం. విశాఖ గాలిలోని తేమకి కరిగి బయటికి వస్తోంది. వదిలేస్తే లోపలినుంచి తినేస్తుంది. వేడి నీళ్లలో గంట నానబెట్టి, వంటసోడా నీళ్లు సందులోకి సిరంజితో ఎక్కించి, మళ్లీ వేడి నీళ్లతో కడిగాం. ఆ తర్వాత పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు. చల్లారాక సందుని వెంటనే మూసేయకుండా వారం నిలిపాం. ముందే సీలెంటు పూస్తే మిగిలిన ఆసిడ్‌ని లోపల బంధించినట్టే.

25వ రోజు

చారిక మళ్లీ రాలేదు. సందుకి పలచగా సీమ్ సీలెంటు, గాడికి పెయింటు. వాల్వ్ కంత అంచు గరుకుగా ఉంది, గుండ్రటి ఆకురాయితో నునుపు చేశాం, లేకపోతే ట్యూబు మెడ కోసుకుపోతుంది. ట్యూబుకి పౌడరు, బీడ్‌కి సబ్బునీళ్లు, ఇనుప లివర్లకి ప్లాస్టిక్ తొడుగులు. బాలెన్సింగ్ సీసం లోపలివైపు అంటించేదే పెట్టాం. అంచుకి కొట్టే రకం క్రోమ్‌ని గీస్తుంది, దాని కింద నీరు నిలుస్తుంది.

బిగింపు నక్షత్రం వరుసలో: 1, 3, 5, 2, 4. మూడు దఫాల్లో, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి. టైరుతో కలిపి ఆఖరి పక్క ఊపు 0.9.

27వ రోజు

భీమిలి దాకా వెళ్లొచ్చాక, సుమారు 60 కిలోమీటర్లకి, నట్లు మళ్లీ చూశాం. ఎమెరీతో గీకిన మూడింటిలో ఒకటి పావు చుట్టు తిరిగింది, మిగతావి కదల్లేదు. 200 కిలోమీటర్ల దగ్గర ఇంకోసారి చూస్తే అన్నీ నిలిచాయి. 70 వేగంలో కూడా స్టీరింగ్ వణకట్లేదు.

బీచ్ రోడ్డు నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగడం, నెలకోసారి మైనం పాలిష్. ఆసిడ్ ఉన్న టైల్స్ క్లీనరు, స్టీలు పీచు రెండూ నిషేధం. చిన్న తుప్పు చుక్క కనబడితే అల్యూమినియం రేకు తడిపి మెల్లగా రుద్దితే చాలు, అది క్రోమ్ కంటే మెత్తన.

కుడి వెనక రిమ్ము వాల్వ్ పక్కన చిన్న బుడగ లేచింది. గోరుతో నొక్కితే లోపలికి దిగుతోంది. సందులు ఆరడానికి పొడి గాలి కావాలి కాబట్టి దాన్ని జనవరిలో విప్పుతాం. అందాకా స్టెప్నీ అక్కడ నడుస్తుంది.